చలికాలంలో నేలపట్టు, పులికాట్

ఈ చలికాలంలో రెండు రోజులు తీరిక దొరికితే సూళ్లూరుపేట వెళ్లిరండి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే రైలు దారిలోనే ఉంది.

దగ్గర్లోనే నేలపట్టు. అక్కడ చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపలు తింటుంది. చూసి తీరాలి! పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలాలకు మంచి సత్తువ.

ఇక పులికాట్ సరస్సు. శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ లోతులేని ఉప్పునీళ్లు. అందులో ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా ముంచి, నీటిని వడగట్టి మేత తీసుకుంటాయి.

రెండే మాటలు గుర్తుంచుకోండి. పొద్దున్నే వెళ్లండి. దూరం నుంచే చూడండి. తల్లి బెదిరి గూడు వదిలితే గుడ్లు కాకుల పాలవుతాయి. అందుకే మళ్లీ చెబుతున్నాను: పొద్దున్నే వెళ్లండి, దూరం నుంచే చూడండి.