పాత నేరములు – పెద్దల జ్ఞాపకము



“మొక్కై వంగనిది మానై వంగునా” యని మనలో నొక సామెత కలదు. బడిపంతులుగా నున్న దినములలో నేనును దీనిని పలుమారు ప్రయోగించినవాడనే. ఆంగ్లేయులకును ఇట్టి సామెత యొకటి యున్నది. ముసలికుక్కకు కొత్త విద్యలు నేర్పజాలమని వారందురు. ఆ సామెతలోని చివరిమాటలనే పేరుగా బెట్టుకొని, అది యెంతవరకు నిజమో పరీక్షించిన నాటకమాల యొకటి బ్రిటను దేశపు టెలివిజనులో ప్రదర్శింపబడినది. దాని పేరు ‘న్యూ ట్రిక్స్’. అనగా ‘కొత్త విద్యలు’. నేటి ప్రసంగమున దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

బి.బి.సి. వారు దీనిని 2003వ సంవత్సరమున ఒక్క భాగముగా ప్రదర్శించి, జనాదరణము గాంచి, 2004 నుండి వరుసగా సాగించి, 2015లో ముగించిరి. పండ్రెండు వరుసలలో మొత్తము 107 భాగములు వెలువడినవి. రాయ్ మిచెల్, నైజెల్ మెక్రెరీ అను నిరువురు దీనిని కల్పించిరి. వీరిలో మెక్రెరీ తొలుత పోలీసు ఉద్యోగము చేసినవాడు. కథాస్థలము లండను మహానగరము. హత్యలును మోసములును ఇందలి వస్తువు. అయినను అడుగడుగున హాస్యము తొణికిసలాడును. ఒకరితో నొకరికి పొసగని నలుగురు ఒకే గదిలో పనిచేయవలసివచ్చుటయే ఆ హాస్యమునకు మూలము.

ఆంగ్లదేశ శాసనమున నరహత్యకు కాలపరిమితి లేదు. ముప్పది యేండ్లు గడచినను నేరస్థుడు దొరికినచో విచారింపవచ్చును. కావున తేలని హత్యల విచారణ ముగిసినట్లు గాదు. ఆ పాత కాగితముల కట్టలను మరల విప్పి చూచుటకై లండను పోలీసువారు ఒక చిన్న దళము నేర్పరచిరని కథ. దానికి నాయకురాలు సాండ్రా పుల్మన్ అను సూపరింటెండెంటు. ఈ పాత్రను అమాండా రెడ్‌మన్ ధరించెను. సాండ్రా చురుకైనది, పెద్దపదవుల కెక్కదగినది. కాని బందీని విడిపించు ప్రయత్నమొకటి వికటించి, అందులో నామె యొక కుక్కను కాల్చి, నలుగురిలో నగుబాటు పాలయ్యెను. పై యధికారులు ఆమెను ఈ మూలగదికి పంపి, ఉద్యోగవిరమణ చేసిన పాత పరిశోధకులను సహాయకులుగా చేర్చుకొమ్మనిరి. కుక్కను కాల్చిన యామెకే ముసలికుక్కల నప్పగించుట ఈ కథలోని తొలి చమత్కారము.

ఆమె క్రింద ముగ్గురు చేరిరి. వారికి వేతనము కలదు గాని అధికారము లేదు. వెదకవచ్చును, అడుగవచ్చును, వాదింపవచ్చును. సంకెల వేయవలసినపుడు మాత్రము సాండ్రాయే రావలయును.

మొదటివాడు జాక్ హాల్ఫర్డ్. గొప్ప యుద్యోగము చేసినవాడు, గంభీరస్వభావుడు. ఆయన భార్య మేరీ, ఢీకొట్టి ఆగక పోయిన మోటారుబండి మూలమున ప్రాణము కోల్పోయెను. సాయంకాలమైనతోడనే ఆయన తోటలో ఆమె స్మృతిచిహ్నము నొద్ద కూర్చుండి, ఆనాటి సంగతులను ఆమెకు చెప్పుకొనును. రెండవవాడు బ్రయన్ లేన్. ఇతని ధారణ మన అవధానులకు తీసిపోదు. ఇరువది యేండ్లనాటి కేసులో ఏ సాక్షి యేమి చెప్పెనో, ఏ యధికారి యెచట నుండెనో గడగడ నప్పగింపగలడు. కాని మద్యమునకు దాసుడై, దానిని విడిచి, మరల దాని చేతికి చిక్కకుండ దినదినము పోరాడుచున్నవాడు. పోలీసు నిర్బంధమున నొక బందీ మరణించుటతో ఇతని యుద్యోగము చెడినది. ఆ బాధ ఇతని మనస్సును నిరంతరము తొలుచుచుండును. ఇతని భార్య ఎస్తర్ ఓర్పునకు భూదేవియే సాటి. మూడవవాడు జెరీ స్టాండింగ్. ముగ్గురు భార్యలతో వివాహము రద్దయినను వారితోను కుమార్తెలతోను చెలిమి విడువనివాడు. వంటలో దిట్ట, మాటలో గడుసరి, నిబంధనలనిన చిరాకు.

జెరీ పాత్ర ధరించిన డెన్నిస్ వాటర్మన్ 1975 మొదలు 1978 వరకు వచ్చిన ‘ది స్వీనీ’ యను నాటకమాలలో దుడుకుతనము గల యువపరిశోధకుడుగా ప్రసిద్ధికెక్కినవాడు. దానిని చూచినవారికి ఆ పడుచువాడే ముసలివాడై తిరిగివచ్చెనా యనిపించును. ‘న్యూ ట్రిక్స్’ ఆరంభగీతమును పాడినదియు నాయనయే. జాక్‌గా జేమ్స్ బోలమ్, బ్రయన్‌గా ఆలన్ ఆర్మ్‌స్ట్రాంగ్ నటించిరి. కాలక్రమమున ఈ నలుగురును ఒకరి వెనుక నొకరు తప్పుకొనగా, కొత్తవారు చేరిరి. వాటర్మన్ 2022లో దివంగతుడయ్యెను.

ఈ కథలో నా మనస్సునకు మిక్కిలి నచ్చిన యంశము వేరొకటి కలదు. జాక్ ఒకప్పుడు సాండ్రాకు పై యధికారి. ఆమెకు పని నేర్పినవాడు. ఇపుడు ఆమె యాజ్ఞకు లోబడి పనిచేయుచున్నాడు. శిష్యుడు తన్ను మించుటను గురువు కోరవలయునని మన పెద్దలు చెప్పిరి. చెప్పుట సులభము. ఆ శిష్యురాలే ఎదుట నిలిచి “ఇది చేయుడు, అది చేయకుడు” అనునపుడు సహించుట కష్టము. జాక్ సహించును, మిగిలిన యిరువురు సణుగుచు సహింతురు. మనకు నవ్వు వచ్చుచోటు ఆ సణుగుటయే.

ఈ ముగ్గురును వృత్తిలో నున్న తొలిదినములలో అనుమానితుని గద్దించి ఒప్పించుటయే పనితనమని తలచువారు పోలీసులలో నుండిరి. 1984లో ఆంగ్లదేశమున పోలీసుల యధికారమును, సాక్ష్యసంపాదనమును క్రమపరచు చట్టము చేయబడెను. ఠాణాలో నిర్బంధించు గంటలకు హద్దు లేర్పడినవి. న్యాయవాది సలహా పొందు హక్కు స్థిరపడినది. ప్రశ్నలును జవాబులును ధ్వనియంత్రముపై నెక్కించు విధానము నెలకొన్నది. మన ముసలివారికి ఇది యంతయు అడ్డంకిగా తోచును. “మా కాలములో” అని వారు మొదలు పెట్టగా, సాండ్రా వారి నోరు మూయించును. ఏలయన, పాత కట్టలు విప్పినకొలది, ఆ కాలములో జరిగిన లోపములే బయటపడుచుండును. ఒకచోట పరిశోధకుడు ముందుగనే ఒకనిని దోషిగా నిశ్చయించుకొని తక్కినవారిని చూడడయ్యెను. మరియొకచోట లంచము పనిచేసెను. ఒక్కొక్కప్పుడు ఆ తప్పు చేసినవాడు వీరి ప్రాణమిత్రుడే యగును. జ్ఞాపకము తీపియైనది, కావుననే అది మిత్రుల తప్పులను మరపించును.

తర్కశాస్త్రము చదువుకొన్నవారు ఇచట నొక సంగతిని స్మరింతురు. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున జ్ఞానమును స్మృతి యనియు, అనుభవ మనియు రెండుగా విభజించెను. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణములు యథార్థానుభవమునకు చెప్పబడినవి. స్మృతికి ఆ పీఠము లభింపలేదు. సంస్కారమాత్రమున పుట్టునది గాన, అది తన కాళ్లపై తాను నిలువజాలదు. బ్రయన్ లేన్ ఎంతటి ధారణాశాలియైనను సాండ్రా యడుగునది ఒక్కటే: “రుజువేది?” స్మృతి త్రోవ చూపును. ఆ త్రోవను నడచి ప్రమాణమును సంపాదించుకొని రావలసినది మనుష్యుడు.

అటులని యంత్రములే చాలునా యనిన, అదియు నిజము గాదు. ఇందులకు కల్పితకథ యేల, నిజముగా జరిగినదే చెప్పెదను. ఇంగ్లండులోని లెస్టరు పట్టణసమీప గ్రామములలో 1983లో ఒకతెయు, 1986లో మరొకతెయు, పదునైదేండ్ల బాలికలు హత్య చేయబడిరి. పదునేడేండ్ల కుర్రవా డొకడు రెండవ నేరమును తానే చేసితినని ఒప్పుకొనెను. ఆ లెస్టరు విశ్వవిద్యాలయముననే అలెక్ జెఫ్రీస్ అను శాస్త్రజ్ఞుడు, డి.ఎన్.ఏ. అను శరీరసూక్ష్మద్రవ్యమును బట్టి మనుష్యుని గుర్తించు విధానమును 1984లో కనుగొనియుండెను. పరీక్షింపగా, రెండు హత్యలును ఒక్కనివే యనియు, ఆ యొక్కడు ఈ కుర్రవాడు గాడనియు తేలెను. ఒప్పుకొన్నవాడు నిర్దోషియై విడుదలయ్యెను. అంతట చుట్టుపట్ల అయిదువేలకు పైగా పురుషుల నమూనాలు సేకరించిరి. అయినను దోషి దొరకలేదు. ఏలయన, వాడు తనకు బదులుగా మరియొకనిచేత రక్తము నిప్పించెను. ఆ బదులువాడు మద్యశాలలో ఆ మాట జారవిడువగా, విన్నవా రొకరు పోలీసులకు చెప్పిరి. దోషి 1987లో పట్టువడి, 1988లో శిక్షింపబడెను. నిర్దోషిని శాస్త్రము కాపాడినది. దోషిని మనుష్యుని చెవి పట్టి యిచ్చినది. రెండును గూడినపుడే ధర్మము నిలిచినది.

ఇంగ్లండులో పలు పోలీసుశాఖలు పాత కేసుల పునర్విమర్శకు విశ్రాంతోద్యోగులను నియోగించుట కథ మాత్రమే గాదు, వాస్తవము. దీనివలన కలుగు మేలు శిక్షతో ముగియదు. హతుని తల్లిదండ్రులు సంవత్సరములకొలది ఒక జవాబు కొరకు కాచియుందురు. లోకము మరచినను వారు మరువరు. తలుపు తట్టి “మీ బిడ్డ సంగతి మేము మరువలేదు” అని చెప్పు వృద్ధుడు వారికి దేవునివలె తోచును. నవ్వించుచు సాగిన ఈ నాటకము ఆ తలుపుల యొద్ద ఆగి, మౌనము వహించును. అందుకే నాకు దీనిపై గౌరవము.

గ్రామములందలి పెద్దలకు నా మనవి యిది. పొలము గట్టు తగవులోనో, పాత అప్పు వివాదములోనో ఊరివారు మిమ్ము పిలిచి “మీకు జ్ఞాపకమున్నదా?” యని యడుగుదురు. జ్ఞాపకమున్నంతవరకు నిర్భయముగా చెప్పుడు. అది మీరు మాత్రమే పెట్టగల భిక్ష. కాని దానినే తీర్పుగా భావింపకుడు. పత్రము చూడుడు, కొలత వేయింపుడు. కొలుచు యంత్రమును పట్టుకొని వచ్చినది మనుమరాలి యీడు పిల్లయైనను, ఆమె చెప్పునది వినుడు. మానైన పిదప వంగుట కష్టమే. అయినను నీడ నిచ్చు మాను కొమ్మను కొంచెము వంచినచో, క్రిందనున్న పిల్లలకు పండు అందును.

సెలవు.