గర్భిణీ స్త్రీ – క్షయవ్యాధి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నేను ముచ్చటించబోయే విషయం మన ఇళ్లలో గుసగుసగా తప్ప పైకి చెప్పుకోరు. అది కడుపుతో ఉన్న స్త్రీకి వచ్చే ఊపిరితిత్తుల క్షయ, అంటే టి.బి.

కోడలు నీళ్లోసుకుంది. నీరసం, అన్నం సయించదు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది. "వేవిళ్లమ్మా, అందరికీ ఉండేదే" అంటాం. దగ్గితే కషాయం పోస్తాం. ఇక్కడే మోసపోతున్నాం. నీరసం గర్భంవల్ల రావచ్చు గాని, విడవని దగ్గు గర్భలక్షణం కాదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, కళ్లెలో నెత్తురు – వీటిలో ఏది కనబడినా కళ్లె పరీక్ష చేయించాలి. డాక్టరు ఎక్స్‌రే అవసరమంటే భయపడవద్దు. పొట్టకు అడ్డు కప్పి ఛాతీకి మాత్రమే తీస్తారు.

జబ్బు తేలిన తరువాత అత్తగారు అడిగే మొదటి ప్రశ్న: "ఈ మాత్రలు మింగితే బిడ్డకు చెరుపు కాదా?" అమ్మా, చెరుపు చేసేది మాత్ర కాదు, మందు పడని జబ్బు. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చు, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, పిరాజినమైడ్ గర్భిణులకు కూడా ఇస్తారు. స్ట్రెప్టోమైసిన్ సూది మాత్రం కూడదు, బిడ్డ వినికిడి దెబ్బతింటుంది. అందుచేత గర్భం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మామూలు టి.బి.కి మందు ఆరు నెలలు. మూత్రం ఎర్రగా వస్తే గాభరా పడనక్కరలేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. దగ్గు తగ్గింది గదా అని మధ్యలో మానేస్తే జబ్బు మందుకు లొంగకుండా పోతుంది. రంజాన్ నెలలోనూ మందు తప్పరాదు. రోగికి, గర్భిణికి ఉపవాసంలో సడలింపు ఉన్నదని మనకు తెలిసినదే.

ఇంకొక మాట. జబ్బు పేరు వినగానే కోడలిని పుట్టింటికి పంపేవారున్నారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఏమి తేల్చింది? ఇంటివద్ద మందు మింగినవారికీ, శానటోరియంలో ఉన్నవారికీ గుణం దాదాపు ఒకేలా కనిపించింది. ఇంట్లోవారికి అదనంగా జబ్బు అంటుకోలేదు. కనుక పంపవలసింది పుట్టింటికి కాదు, ఆస్పత్రికి.

కాన్పయ్యాక బిడ్డను తల్లికి దూరం చేయకండి. జబ్బు పాలద్వారా రాదు, దగ్గు తుంపరలద్వారా వస్తుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని పాలివ్వవచ్చు. బిడ్డకు ముందుజాగ్రత్త మందు, బి.సి.జి. టీకా డాక్టరు చెప్పిన ప్రకారం వేయించండి.

ప్రభుత్వ ఆస్పత్రులలో పరీక్ష, మందులు ఉచితం. పోషణకోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దానిని 1000 చేశారు. అడిగి తీసుకోండి.

అన్నలారా, తమ్ములారా! ఆరు నెలలు రోజూ మాత్ర అందించి, గ్లాసెడు నీళ్లు పక్కన పెట్టండి. అంత చేస్తే రెండు ప్రాణాలు నిలుస్తాయి. సెలవు.