పాత జీపునకు ట్రాన్స్‌ఫర్ బాక్సు
(ప్రసంగ పాఠము)



భద్రాచలము కడ గోదావరిపై వంతెన 1965లో ఏర్పడిన పిమ్మట పెద్దనదిని దాటుట సులభమైనది. చిక్కెల్ల చిన్నవాగులతోనే మిగిలినది. చర్ల, దుమ్ముగూడెము వైపుల అడవిలోనికి పోవు మట్టిదారులలో వాన కురిసిన మరునాడు బురద చక్రమును పట్టును. వాగులో గుండ్రాళ్లు జారును. నొప్పులు పడుచున్న స్త్రీని ఆ దారిని ఆసుపత్రికి చేర్పవలసివచ్చిన రాత్రి, నడివాగులో ఆగు జీపు ఉన్నదానికంటె లేకుండుటయే మేలు. కావున పాత జీపును విప్పి మరల కట్టుకొనువారు రంగును, టాపును గూర్చి తరువాత ఆలోచింపవచ్చును. తొలుత చూడవలసినది గేరుబాక్సు వెనుక దాగియున్న ట్రాన్స్‌ఫర్ బాక్సును.

ఇంజను బలము గేరుబాక్సు దాటి ఈ పెట్టెలోనికి వచ్చి, ముందు వెనుక ఇరుసులకు పంచబడును. దిగబడిన బండికి రెండవ జత ఎడ్లను పూన్చుట వంటిది ఈ పని. వేగము తగ్గించి బలము పెంచు 'లో' గేరు కూడ ఇందే కలదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపులో ఈ 'లో' గేరు తగ్గింపు 1.97. మొదటి గేరు 2.665, ఇరుసు 4.88. మూటిని గుణించినచో, చక్రము ఒక్కమారు తిరుగుటకు ఇంజను 25 మార్లకు పైగా తిరుగునని తేలును. 1945లో వ్యవసాయదారులకై వెలువడిన సి.జె.-2ఏ జీపులో అవి 2.43, 2.798, 5.38, అనగా ఇంజను 36 మార్లకు పైగా తిరుగును. యుద్ధమునకు వేగము కావలసెను, నాగలికి నెమ్మది కావలసెను. అడవివాగునకు కావలసినదియు ఆ నెమ్మదియే.

1945లో నెలకొనిన మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను ఈ దేశమున మొదట కూర్చి, క్రమముగా ఇచటనే నిర్మించినది. అందుచే పాత జీపులతో స్పైసర్ 18 రకపు పెట్టె వచ్చుట సహజము. దీనినుండి వెనుకకు పోవు షాఫ్టు బండి నడుమ గాక ఒక ప్రక్కగా పోవును. వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ కూడ ఆ ప్రక్కకే ఒదిగియుండును. ఈ సంగతి మరచి, చవకగా దొరికినదని నడుమ డిఫరెన్షియల్ గల ఇరుసును తెచ్చి బిగించినచో షాఫ్టు ఏటవాలుగా తిరిగి, క్రాసులు త్వరలో అరిగిపోవును. పెట్టెను, ఇరుసును జంటగా ఎన్నవలెను. అమెరికాలో 1960 దశకమున వచ్చిన డానా 20 పెట్టెలో వెనుక షాఫ్టు నడుమనే పోవును, చప్పుడును తక్కువ. అయినను దాని 'లో' గేరు 2.03 మాత్రమే. కొత్తదియైనంత మాత్రమున వాగునకు తగినది కాదు. జిప్సీ బండి పెట్టె గేరుబాక్సునకు అంటక విడిగా నిలుచును. నడుమ చిన్న షాఫ్టు కావలెను గనుక పొట్టి జీపులో దానికి చోటు చాలునా యని ముందే కొలిచి చూడవలెను.

స్పైసర్ 18లోనే మరియొక భేదము కలదు. లోపలి నడిమి షాఫ్టు యుద్ధకాలపు వానిలో ముప్పావు అంగుళమే. తరువాతి వానిలో 1⅛, పిమ్మట 1¼ అంగుళము. డీజిల్ ఇంజను పెట్టదలచినవారు సన్నని షాఫ్టును నమ్మరాదు. పాత సామాను దుకాణములో పైపూతను చూచి బేరమాడువారే ఎక్కువ! అడుగు మూత విప్పించి ఆ షాఫ్టును కొలిచి, పళ్ల అంచులను చూచి, ఆయిలును వ్రేళ్ల నడుమ రాచి చూడవలెను. ఇనుప రజను తగిలినచో బేరింగులు పోయినవి. మజ్జిగ రంగున నున్నచో నీరు చొచ్చినది. వాగు దాటు బండికి గాలిగొట్టము పైకెత్తి కట్టనిచో మంచి పెట్టెకును అదే గతి.

ఈ జీపులకు ముందు వెనుక ఇరుసుల నడుమ వేరొక డిఫరెన్షియల్ లేదు. కావున అడవి దాటి కొత్తగూడెము తారురోడ్డు ఎక్కగానే ముందు ఇరుసును విడదీయవలెను. మలుపులలో ముందు చక్రములును, వెనుక చక్రములును సమదూరము పోవు. షాఫ్టులు మెలిపడి లీవరు బిగిసికొనును. అట్లు బిగిసినపుడు బలముగా లాగక బండిని కొంత వెనుకకు నడిపినచో సాధారణముగా అది వదలును.