మొదటి గుండు



రైలుశాఖ పేరే పేట పేరైన ఈ ఖరగ్‌పూరు ట్రాఫిక్కునందు, క్వార్టర్ల నడుమ, వేటతుపాకినిగూర్చి ప్రసంగమేమని కొందఱికి వింతగా తోపవచ్చును. భారతదేశమున వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే కట్టుబడి, 1991 నాటి సవరణతో దాదాపు పూర్తిగా నిలిచిపోయినది. అయినను తుపాకికి గురి సరిచేయు విద్య వేటతో అంతరింపలేదు. పోటీలలో పాల్గొను క్రీడాకారుడును, పులికి మత్తుసూది వేయు అటవీశాఖ ఉద్యోగియు నేటికిని దానిమీదనే ఆధారపడియున్నారు. అదియునుగాక, స్వభావమునుబట్టి చూచిన ఇది ఫిట్టరు విద్య. కనుక రైలువారికి పరాయిది కాదు.

తుపాకి రైలుబస్తీలకు క్రొత్తదియు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో ఆ కంపెనీ ఉద్యోగులతో కూడిన బెటాలియన్ ఒకటి ఉండెను. 1920 నాటి ఆక్సిలరీ ఫోర్సు చట్టము ప్రకారము అట్టి దళములలో ఐరోపీయులకును ఆంగ్లో-ఇండియనులకును మాత్రమే ప్రవేశము. శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపులనుండి వలసవచ్చి వర్కుషాపులో చెమటోడ్చిన తెలుగువానికి ఆ రైఫిలు చేతికి రాలేదు. 1947తో ఆ దళములు అంతరించెను. కాని ఆ రైఫిలు సూటిగా కాల్చుటకు వలసిన బుద్ధి, కొలత తప్పనీయని బుద్ధి, వర్కుషాపు బల్లమీద నిత్యము వాడుకలో ఉన్నదే.

గురి సరిచేయవలసిన అవసరమేమి? గుండు గొట్టము విడిచిన క్షణమునుండియే నేలవైపు దిగుటకు మొదలిడును. త్రీ-నాట్-త్రీ అని అందఱెఱిగిన రైఫిలునుండి ఏడవ మార్కు తూటా సెకనుకు 2,440 అడుగుల వేగముతో వెడలును. 100 గజములు చేరుటకు దానికి సెకనులో ఎనిమిదవ వంతు చాలును. ఆ కొద్దికాలములోనే అది 3 అంగుళములు దిగిపోవును. 200 గజములకు దూరము రెండింతలే. దిగుడు మాత్రము నాలుగింతలు దాటి 14 అంగుళముల దగ్గరకు వచ్చును. అందుచేత గొట్టమును చూపురేఖకంటె ఇంచుక పైకి ఎత్తి అమర్చుదురు. గుండు దగ్గరలో చూపురేఖను క్రిందినుండి దాటి, కొంతదూరము దానిపై పయనించి, మఱల దానిని వచ్చి కలియును. ఈ రెండవ కలయిక ఎంత దూరమున జరుగవలెనో నిశ్చయించి, అట్లే జరుగునట్లు చేయుటయే గురి సరిచేయుట.

ఈ పనిలో కొలత ఎంత సూక్ష్మమో చూడుడు. ఆ రైఫిలుపై ముందరి గురిముల్లునకును వెనుకటి గురిగాడికిని నడుమ సుమారు 20 అంగుళముల దూరముండును. 100 గజములనగా 3,600 అంగుళములు, అనగా 180 రెట్లు. గురిముల్లు అంగుళములో నూఱవ వంతు ప్రక్కకు జరిగినచో 100 గజముల కడ గుండు దాదాపు 2 అంగుళములు తప్పును; 200 గజముల కడ 4 అంగుళములు తప్పును. లేతు యంత్రముమీద పనిచేసినవారికి నూఱవ వంతు విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు.

పని చేయు క్రమము ఇట్టిది. మొదట తుపాకి ఖాళీగా నున్నదని చూచి, మడమను గొట్టముతో బిగించు మరలన్నియు గట్టిగా నున్నవో లేవో పరీక్షింపవలెను. బెంగాలు వానలకు చెక్క ఉబ్బి గొట్టమును ఒరసికొనినచో నిన్నటి గురి నేడు నిలువదు. పిమ్మట లక్ష్యమునకు వెనుక ఎత్తైన మట్టిగట్టు ఉన్నచోటనే కాల్చవలెను. ఇసుకసంచిపై తుపాకిని ఆనించునపుడు చెక్కభాగము ఆనవలెనుగాని గొట్టము ఆనరాదు. టెలిస్కోపు అమర్చిన తుపాకియైనచో, బోల్టు తీసి, వెనుకనుండి గొట్టము గుండ 25 గజముల లక్ష్యమును చూచి, టెలిస్కోపు గీతలను కూడ ఆ బిందువుమీదికే త్రిప్పుదురు. గుండు ఖర్చులేకయే సగము పని ఇచ్చట ముగియును.

తరువాత 25 గజముల కడ కాల్చి సరిచూచుకొని, 100 గజములకు పోవలెను. అచ్చట ఒక్క గుండునుబట్టి ఏమియు మార్చరాదు. ఒక గుండు తప్పినచో ఆ తప్పు చేతిదో, ఊపిరిదో, తుపాకిదో తెలియదు. ఒకే పెట్టెలోని తూటాలతో మూడుసార్లు నెమ్మదిగా కాల్చి, ఆ మూడు రంధ్రముల నడిమిస్థానమునుండి కొలువవలెను. సాధారణపు టెలిస్కోపులో మర ఒక్కొక్క టిక్కునకు 100 గజముల కడ గుండు పావంగుళము జరుగును. కావున 2 అంగుళముల తప్పునకు 8 టిక్కులు. అదే తప్పు 25 గజముల కడ కనబడినచో 32 టిక్కులు వలయును. ఇనుపగురి తుపాకిలో వెనుకటి గాడిని గుండు పోవలసిన దిక్కునకే జరుపవలెను; ముందరి ముల్లును దానికి ఎదురుదిక్కునకు జరుపవలెను. ఒకసారి ఒక్కటియే మార్చి, మఱల మూడు గుండ్లు కాల్చి చూడవలెను. రెండు ఒకేసారి మార్చినవానికి ఏది పనిచేసినదో తెలియదు.

ఇంతటితో ముగిసినదని తలంచుటయే పెద్ద పొరపాటు. పదిసార్లు కాల్చి వేడెక్కిన గొట్టము చూపిన గురి వేఱు. తెల్లవాఱుజామున చల్లని గొట్టమునుండి వెడలు మొదటి గుండు చూపు గురి వేఱు కావచ్చును. నూనె తుడువని గొట్టమైనచో భేదము మఱింత కలుగును. కావున తెలిసినవారు గొట్టమును పొడిగా తుడిచి, ఒకనాడు ఒక్కటే గుండు కాల్చి గుర్తు వ్రాసికొని ఇంటికి పోవుదురు; మఱునాడు మఱియొకటి. నాలుగు దినముల నాలుగు మొదటి గుండ్లు ఒకేచోట పడిననాడు గాని ఆ తుపాకిని నమ్మరు.

ఇంత శ్రమ దేనికి? పోటీలో క్రీడాకారునికి లెక్కలోనికి రాని గుండ్లతో గురి చూచుకొనుటకు ముందుగా సమయమిత్తురు. 2012 లండను ఒలింపిక్సులో కాంస్యము గెలిచిన హైదరాబాదు గగన్ నారంగునకును, 2024లో సెంట్రల్ రైల్వే టిక్కెట్టు కలెక్టరుగా నుండగా పారిసులో కాంస్యము గెలిచిన స్వప్నిల్ కుసాలేకును ఆ సదుపాయమున్నది. అడవిలో అట్టి సమయమెవ్వరు నియ్యరు. అచ్చట మొదటి గుండే లెక్కలోని గుండు. అది తప్పినచో ఆ తప్పును మోయునది కాల్చినవాడు కాదు.

దీనికి గొప్ప సాక్ష్యము జిమ్ కార్బెట్ జీవితమున గలదు. ఆయనయు రైలువాడే. మొకామా ఘాటులో సరకులు బండ్లు మార్పించు పనిని ఇరువది సంవత్సరములకు పైగా నడపినవాడు. 1907లో ఆయన కుమావూనునందు చంపావత్ ఆడపులిని చంపెను. అది 436 మందిని పొట్టనబెట్టుకొన్నదని లెక్క. చచ్చిన పులి నోరు తెఱచి చూడగా కుడివైపు కోఱపండ్లు రెండును విఱిగియుండెను. ఒకటి సగము, మఱియొకటి మొదలంట. ఎవరిదో పాత తుపాకిదెబ్బ అది. సహజమైన ఆహారమును వేటాడలేకయే అది మనుష్యులపై పడినదని కార్బెట్ నిర్ణయించెను. ఆ గుండు కాల్చినవాని పేరు ఎవ్వరికిని తెలియదు. తప్పిన గుండుతో ఆనాడే అంతయు ముగిసినదని వాడు ఇంటికి పోయియుండును. అదే కార్బెట్ 1926లో 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిఱుతను రాత్రివేళ చెట్టుమీదనుండి ఒక్క గుండుతో పడగొట్టెను. తుపాకికి కట్టిన టార్చి గుండు వెడలిన వెంటనే ఆరిపోయెను; రెండవ గుండుకు అవకాశమే లేదు.

ఈ మాటలు ఖరగ్‌పూరునకు దూరమైనవి కావు. 2018 మార్చిలో లాల్‌గఢ్ అడవిలో పులి యొకటి కెమెరాకు చిక్కెను. ఏప్రిల్ 13న గాయములతో చచ్చిపడియుండెను. ఒడిసాలోని సిమిలిపాల్ విడిచి ఝార్‌గ్రామ్, పురూలియాల మీదుగా వచ్చిన జీనత్ అను ఆడపులి మాత్రము 2024 డిసెంబర్ 29న బాంకుడా జిల్లాలో మత్తుసూదితో సజీవముగా పట్టుబడి, తన అడవికి తిరిగి పోయెను. మత్తుసూదికి కూడ అదే సూత్రము. అది గుండుకంటె నెమ్మదిగా పోవును, త్వరగా దిగును. కావున దూరమునుబట్టి ముందే సరిచూచుకొననిచో పులికిని, ఎదుట నిలిచినవారికిని ప్రమాదమే.

సిగ్నలు ఇచ్చుటకు ముందు పాయింట్లు సరిగా కుదిరినవో లేవో చూచుట రైలు మర్యాద. బండి వచ్చిన తరువాత చూచుట మర్యాద కాదు, నేరము. తుపాకి విషయమునను అంతే. మీట నొక్కు వ్రేలిని అందఱును మెచ్చుకొందురు. కాని మొదటి గుండు ఎచ్చట పడునో నిర్ణయించినది, నాలుగు దినములు ముందుగా ఇసుకసంచి ప్రక్కన కూర్చుండి, మూడు రంధ్రముల నడుమ స్కేలుతో కొలిచిన చేయి.