బారాత్‌లో టపాకాయలు

నేను ఉర్దూ మాస్టరును. నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి.

నా క్లాసులో ఒక కుర్రవాడు ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. అన్న బారాత్‌లో, రాత్రి 12 దాటాక, పేలని బాంబును చూద్దామని వంగాడు. అంతే, కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ బారాత్‌లో నేనూ ఉన్నాను. వాణ్ణి వెనక్కు లాగలేదు, పెద్దలనూ వారించలేదు.

చప్పుడు చేసే టపాకాయలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే తీర్పు చెప్పింది. ఆసుపత్రి, బడి చుట్టూ 100 మీటర్లలోపు పగలైనా కాల్చరాదు. పెళ్లిళ్లకు సైతం కాలుష్యం తక్కువగల గ్రీన్ టపాకాయలే అమ్మాలని 2018లో ఆదేశించింది. షబే బరాత్ రాత్రి మన గల్లీల్లో ఇదంతా ఎవరికి గుర్తుంటుందండీ?

పేలనిదాని దగ్గరకు పోకండి. కాసేపాగి, దూరం నుంచే బాగా నీళ్లు పోయండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీటిధార కింద పెట్టి, ఆసుపత్రికి తీసుకుపోండి. సిరా, పేస్టు పూయకండి. ఆ రోజు మేం సిరానే పూశాం.

వచ్చే నెల మా అక్క కొడుకు పెళ్లి. టపాకాయలుండవని కార్డులోనే వేయించాను. బావగారు ఇంకా నాతో మాట్లాడటం లేదు.