వేళకు వచ్చు బస్సు: పంచాయతీ, డిపో కలిసి చేయవలసిన పని
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బస్సు ఆలస్యమైనదనగానే మన గ్రామములలో నింద పడునది డ్రైవరుమీద. అతడు రోడ్డును చూపును. రోడ్డు సంగతి అడిగినచో పంచాయతీవారు డిపోవైపు చూతురు. ఈ మూడు మాటలలోను కొంత నిజము కలదు. అందుచేతనే ఈ చిక్కు ఏ ఒక్కరివలనను తీరుట లేదు. బస్సు నడపువారును, ఊరి పాలన చూచువారును ఒకచోట కూర్చుండి, ఒకే లెక్కను ఎదుట పెట్టుకొని మాటలాడుకొననిదే బస్సు వేళకు రాదని మనవి చేయుటకే నేడు మేము మీ ముందు నిలచితిమి.

ఉదయపు బస్సు అరగంట జాగు చేసినచో, కళాశాలకు పోవు బాలిక మొదటి పాఠము పోగొట్టుకొనును. పట్టణపు ఆసుపత్రిలో చీటీ వ్రాయు వేళ దాటిపోవును. కూలికి పోవువాని ఆనాటి పని మరియొకరికి దక్కును. ఇంతకు మించిన నష్టము మరియొకటి కలదు. రెండు మూడు మారులు మోసపోయిన ప్రయాణికుడు నాలుగవ మారు ఆటో ఎక్కును. బస్సు ఎక్కువారు తగ్గుదురు. జనము లేని ట్రిప్పును ఎంతకాలము నడుపుదురు? ఏదో ఒకనాడు అది పట్టికనుండి తొలగిపోవును. అప్పుడు ఆటోకు డబ్బు పెట్టుకొనలేనివారే ఊరిలో మిగిలిపోవుదురు.

ఈ విషయమున బ్రిటన్ దేశపు అనుభవము తెలిసికొనదగినది. అచట 1986 అక్టోబరు 26 నుండి, లండన్ నగరము వెలుపల, బస్సులు నడపు పనిని పోటీకి విడిచిపెట్టిరి. లైసెన్సు గల ఏ కంపెనీయైనను తన మార్గమును, వేళలను ట్రాఫిక్ కమీషనరు అను అధికారివద్ద నమోదు చేయించుకొని బస్సు నడపవచ్చును. బస్సు కంపెనీది, ఊరి రోడ్లు, బస్సు ఆగు చోట్లు స్థానిక కౌన్సిలు అధీనములోనివి. బస్సు జాగైనప్పుడెల్ల కంపెనీ రోడ్డును, కౌన్సిలు కంపెనీని తప్పుపట్టుట పరిపాటియైనది. మన కథయే గదా!

పిమ్మట 2000 సంవత్సరపు రవాణా చట్టము ఉభయుల భాగస్వామ్యమునకు చట్టబద్ధమైన రూపమిచ్చినది. కౌన్సిలు బస్సులకు ప్రత్యేకమైన దారిని, మంచి స్టాపులను ఏర్పరుపవలెను. వాటిని వాడుకొనదలచిన కంపెనీ నిర్ణీత ప్రమాణము గల బస్సులనే నడుపవలెను. 2017 నాటి చట్టము ఈ ఒడంబడికను ఇంకను బలపరచినది. 2021 మార్చిలో ప్రభుత్వము ఇంగ్లండులోని స్థానిక రవాణా సంస్థలను రెండు దారులలో ఒకటి ఎంచుకొనుడని కోరినది: కంపెనీలతో భాగస్వామ్యము, లేదా మార్గములను, వేళలను, ఛార్జీలను తామే నిర్ణయించి నడపు పనిని కంపెనీలకు గుత్తకిచ్చుట. మాంచెస్టరు ప్రాంతమువారు రెండవ దారి పట్టి, 2023 సెప్టెంబరు 24న ప్రారంభించి, 2025 జనవరి 5 నాటికి తమ బస్సులన్నిటిని ఆ పద్ధతిలోనికి తెచ్చిరి. అది ధనబలము గల మహానగరములకు తగినది. చిన్న ఊళ్ళకు మొదటిదే అందుబాటులోనిదని మా అభిప్రాయము.

వేళకు నడచుట యనగానేమో ఆ దేశమున స్పష్టముగా కొలత పెట్టుకొనిరి. పట్టికలోని వేళకు 1 నిమిషమునకు మించి ముందుగా గాని, 5 నిమిషములకు మించి ఆలస్యముగా గాని బయలుదేరరాదు. నూటికి 95 మారులు ఈ హద్దులో ఉండవలెనని ట్రాఫిక్ కమీషనర్ల లక్ష్యము. ముందుగా పోవుటకు ఇచ్చిన సందు ఎంత ఇరుకైనదో గమనించితిరా? జాగైన బస్సుకై వేచియుండవచ్చును. ముందే వెడలిన బస్సును పట్టుకొనుట ఎవరి తరము? తగిన కారణము లేక వేళ తప్పు కంపెనీకి, లైసెన్సులోని ఒక్కొక్క బస్సుకు 550 పౌండ్ల వరకు జరిమానా వేయు అధికారము కూడ కమీషనరుకు కలదు.

అయినను జరిమానావలన రోడ్డుమీది గుంత పూడదు గదా! కనుక కౌన్సిలువారును, కంపెనీవారును కలిసి బస్సు జాడను పరిశీలించు పద్ధతి అలవడినది. ఉపగ్రహముల సాయముతో బస్సు ఏ క్షణమున ఎచట ఉన్నదో తెలియును. బస్సు ఎంత ఆలస్యమైనది అనుటకంటె, ఎచ్చట ఆలస్యమైనది అను ప్రశ్న ముఖ్యము. మలుపులో బండ్లు నిలిపినందున 4 నిమిషములు పోయినచో అది కౌన్సిలు సరిదిద్దవలసినది. గంటలో పోజాలని దూరమునకు పట్టికలో 50 నిమిషములే వ్రాసినచో అది కంపెనీ సరిదిద్దవలసినది. చోటు తెలిసినచో ఆ నిమిషము ఎవరి ఖాతాలోనిదో తేలిపోవును, వాదమునకు తావుండదు.

జాగునకు ఒక దుర్గుణము కలదు: తనంత తానే పెరుగును. ఆలస్యమైన బస్సుకు ప్రతి స్టాపులోను ఎక్కువమంది పోగగుదురు. వారు ఎక్కుటకు, టిక్కెట్లు తీసికొనుటకు మరికొంత కాలము పట్టును. వెనుక వచ్చు బస్సుకు జనము తక్కువైనందున అది వడివడిగా వచ్చి ముందరిదానిని కలిసికొనును. గంటసేపు బస్సు లేక, తరువాత రెండు ఒక్కమారే వచ్చుటకు కారణమిదియే. దీనిని డ్రైవరుల కుట్రయని తలచువారును లేకపోలేదు!

ఇక మన రాష్ట్రముల సంగతి. సమర్థమును, చాలినంతయు, పొదుపైనదియు, సమన్వయము గలదియునైన రవాణా ఏర్పాటు చేయుట రోడ్డు రవాణా సంస్థ విధియని 1950 చట్టపు 18వ సెక్షను చెప్పుచున్నది. బండ్లు నిలుపు చోట్లు నిర్ణయించునప్పుడు స్థానిక సంస్థను సంప్రదించవలెనని 1988 మోటారు వాహనముల చట్టపు 117వ సెక్షనులో ఉన్నది. కనుక ఈ విషయమున పంచాయతీ పరాయిది కాదు. తెలంగాణ ఆర్.టి.సి. 2023 ఆగస్టులో బస్సు జాడ తెలుపుటకు ‘గమ్యం’ అను యాప్ ప్రవేశపెట్టినది. లెక్కకు కావలసిన సాధనములు మనకును వచ్చుచున్నవన్నమాట.

ఒక క్రొత్త పరిస్థితిని కూడ గుర్తింపవలెను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఉచిత ప్రయాణము అమలులోనికి వచ్చినది. పల్లెవెలుగు బస్సులలో జనము పెరిగినది. ఛార్జీ లేకున్నను కండక్టరు వారికి సున్నా టిక్కెట్టు ఇయ్యవలెను. స్టాపువద్ద బస్సు ఆగు కాలము పెరిగినప్పుడు, పాత వేళల పట్టికనే పట్టుకొని వ్రేలాడుట న్యాయము కాదు. ప్రయాణకాలమును తిరిగి కొలిచి వ్రాయుట డిపో చేయవలసిన మొదటి పని.

మరి పంచాయతీ చేయవలసినదో? ఊరి నడుమ బస్సు నెమ్మదించు చోట్లు మీకు తెలియనివి కావు. కోతల కాలమున సగము రోడ్డుమీద ధాన్యము ఆరబోయుదురు. సంతనాడు అంగళ్ళు తారుమీదికి వచ్చును. బస్సు ఆగవలసిన చోట ఆటోలు నిలచును. తుమ్మకొమ్మలు అద్దములకు తగులును. పెద్దమనిషి ఒకరు కాఫీ త్రాగి వచ్చువరకు బస్సు నాపించు ఆచారము కొన్ని ఊళ్ళలో నేటికిని కలదు. దానిని గూర్చి మేము ఎక్కువ చెప్పము, మీరే చూచుకొనుడు. కల్లములకు స్థలము చూపి, సంతను పది గజములు లోపలికి జరిపినచో చాల నిమిషములు మిగులును. రోడ్లు భవనముల శాఖవారి రోడ్డయినచో మీరు పూడ్చుటకు వీలులేదు. కాని తీర్మానము చేసి, ఏ మైలురాయివద్ద ఏమి లోపమో వ్రాసి పంపవచ్చును.

పని మొదలుపెట్టుట కష్టము కాదు. స్టాపువద్ద దుకాణము నడపువారిలో ఒకరికి ఒక నోటుపుస్తకమిచ్చి, 15 దినములు ప్రతి బస్సు వచ్చిన వేళను, పోయిన వేళను వ్రాయింపుడు. సంతదినమును, వానదినమును వేరుగా గుర్తు పెట్టవలెను. ఆ పుస్తకముతో డిపో మేనేజరుగారిని కలిసికొనుడు. వారి లెక్కను కూడ చూపుమని అడుగుడు. ఇరువురు ఒప్పుకొన్న పనులను గడువుతో సహా ఒకే కాగితముమీద వ్రాసి, సంతకములు చేసి, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు. మూడు నెలలకు మరల అదే పుస్తకము, మరల 15 దినములు. జూన్‌లో బడులు తెరచుటకు ముందుగానే మొదటి సమావేశము జరుగునట్లు చూచుకొనుడు. ఆ సమావేశమునకు బస్సులో పోవు విద్యార్థినులను ఇద్దరినైనను పిలువుడు, ఏ స్టాపులో ఎంతసేపు నిలిచియున్నారో వారికి తెలిసినంతగా మరి యెవరికిని తెలియదు.