గ్రంథాలయపు తాళపుచెవి
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఓరుగల్లు సీమలో గ్రంథాలయ మనునది ఏనాడును కేవలము పుస్తకముల బీరువా కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటి పరిస్థితులు తెలిసినవారికి ఈ మాట విశదమే. అప్పటి పాలనా భాష ఉర్దూ. తెలుగు చదువుకొనుటకు బడులు తక్కువ. తరువాతి కాలమున సభ జరుపుకొనవలెనన్నను గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి సర్కారు అనుమతి తెచ్చుకొనవలసి వచ్చెను. అట్టి దినములలో గ్రంథాలయోద్యమ కార్యకర్తలు కోరినది ఒక్కటే: చదువదలచినవాడు మఱియొకరి సెలవు కొఱకు గుమ్మమున నిలువరాదు.

ఈ గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన నేటి శుభసమయమున చూచినచో, చదువరి చేతిలో పుస్తకముతోపాటు ఫోను కూడ నున్నది. ఇచటి బీరువాలలో పట్టనన్ని గ్రంథములు ఆ ఫోనులో తెరచుకొనును. తెరచుకొననివియు కలవు. ఏల తెరచుకొనవు? వాని తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? 2010 ప్రాంతమున ప్రపంచమంతట ఈ విషయమై పెద్ద వాదము చెలరేగినది. ప్రైవేటు సంస్థల సొత్తయిన ప్లగిన్లకు మొబైలు ఫోనులలో చోటీయవలెనా, కూడదా యనునదే ఆ వాదము. పైకి అది యంత్ర నిపుణుల కలహముగా కనిపించినను, గ్రంథాలయములకు దానితో దగ్గఱి సంబంధము కలదు.

ముందుగా ప్లగిన్ అననేమో తెలియవలెను. వెబ్బు పుటను చదివి తెరపై చూపు సాధనమునకు బ్రౌజరని పేరు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ అను ఐరోపా పరిశోధన సంస్థ వెబ్బు సాంకేతికమును ఎట్టి రుసుమును లేకుండ లోకమున కిచ్చివేసినది. అందుచేత ఎవరైనను పుట వ్రాయవచ్చును. ఎవరైనను బ్రౌజరు నిర్మింపవచ్చును. కాని తొలినాటి బ్రౌజరుకు తెలిసినవి అక్షరములును, కదలని చిత్రములును. ఆడు బొమ్మ, పాడు పాట, చలనచిత్రము దానికి రాని భాషలు. రాని భాష ఎదురైనపుడు దుబాసీని పిలుచుట లోకాచారము. బ్రౌజరునకు దుబాసీయే ప్లగిన్. దుబాసీ వలన పని జరుగును, సందేహము లేదు. కాని ఆ దుబాసీ ఒక్క సంస్థ జీతగాడై, తన విద్య మఱియొకరికి నేర్పక, యజమాని పొమ్మన్న నాడు వెడలిపోవువాడైనచో, ఆ ఇంట ఆ భాష అంతటితో మూగబోవును.

ఇట్టి దుబాసీలలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది ఫ్లాష్. 1996లో మాక్రోమీడియా సంస్థ దీనిని కొని ఆ పేరు పెట్టినది. 2005లో మాక్రోమీడియాను అడోబీ సంస్థ కొనుటతో ఫ్లాష్ అడోబీ సొత్తయ్యెను. అదే సంవత్సరము పుట్టిన యూట్యూబు తన చలనచిత్రములను ఫ్లాష్ ద్వారానే చూపెను. పిల్లల ఆటలు, బొమ్మలతో పాఠములు, వ్యాపార సంస్థల పుటలు వేలకు వేలు ఫ్లాష్‌లోనే తయారైనవి. కంప్యూటరున్న ప్రతి యింట ఫ్లాష్ ఉండుట వాడుకయైపోయినది.

2007లో ఆపిల్ సంస్థ ఐఫోనును విడుదల చేసినది. దానిలో ఫ్లాష్ లేదు. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఐపాడ్ అను పలక కంప్యూటరులోను లేదు. ఏల లేదని జనులు అడుగగా, 2010 ఏప్రిల్ 29న ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ నొకటి ప్రకటించెను. ఆయన చెప్పిన కారణములు ప్రధానముగా ఇవి: ఫ్లాష్ ఒక్క సంస్థ చేతిలోని వస్తువు, అది యంత్రమును ఆపివేయుచున్నది, దాని భద్రత చాలదు, బ్యాటరీని త్వరగా ఖర్చు చేయుచున్నది, మౌసుతో వాడుటకు నిర్మించినదే కాని వ్రేలితో తాకు తెరకు తగినది కాదు, ఫోనునకును సాఫ్ట్‌వేరు వ్రాయువానికిని నడుమ మూడవ సంస్థ నిలిచినచో అభివృద్ధి ఆ సంస్థ నడకకు లోబడిపోవును.

ఎదుటి పక్షపు మాటను కూడ న్యాయముగా వినవలెను. అప్పుడు అడోబీకి నాయకుడు హైదరాబాదున పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్. 2007 డిసెంబరులో ఆయన ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి యయ్యెను. ఆపిల్ చూపిన సాంకేతిక కారణములు అసలు ఉద్దేశమును కప్పు తెరలు మాత్రమేయని ఆయన ఆనాడే బదులు చెప్పెను. రెండు వారములకు అడోబీ సంస్థాపకులు జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ స్వయముగా బహిరంగ లేఖ వ్రాసిరి. ఏ పుటను ఏ సాధనముతో చూడవలెనో నిర్ణయించుకొను హక్కు జనులదని, దానిని ఫోను అమ్మిన సంస్థ లాగుకొనరాదని వారి వాదము. 2008లోనే ఫ్లాష్ ఫైలు నిర్మాణ వివరములపై నున్న ఆంక్షలను తొలగించితిమని కూడ అడోబీ వారు గుర్తుచేసిరి.

ఈ వాదమున బలము లేకపోలేదు. ఆనాడు ఐఫోనులోనికి ఏ సాఫ్ట్‌వేరు రావలెనన్నను ఆపిల్ వారి అంగడి ద్వారమునుండియే రావలసి యుండెను. ఇతరుల పనిముట్లతో తయారుచేసి తెచ్చిన సాఫ్ట్‌వేరును అంగీకరింపమని 2010 ఏప్రిల్‌లో ఆ సంస్థ నిబంధన పెట్టి, విమర్శలు వచ్చిన పిదప సెప్టెంబరులో సడలించినది. ఫ్లాష్‌కు బదులుగా జాబ్స్ మెచ్చుకొనిన హెచ్.264 అను చలనచిత్ర పద్ధతికి సైతము పేటెంటు రుసుములు కలవు. తన కోటకు తలుపులు బిగించుకొనినవాడు పొరుగువాని తలుపును తప్పుపట్టెనని చూచువారికి తోచుటలో వింత లేదు.

ఫలితము మాత్రము శీఘ్రముగ తేలినది. 2010లో ఆండ్రాయిడ్ ఫోనులకు ఫ్లాష్ వచ్చినది. కంప్యూటరుపై చక్కగా నడచిన పుటలు చిన్న తెరపై తడబడినవి. 2011 నవంబరులో, జాబ్స్ కన్నుమూసిన మరుసటి నెలలో, మొబైలు ఫ్లాష్ అభివృద్ధిని నిలిపివేయుచున్నట్లు అడోబీ ప్రకటించినది. 2012 ఆగస్టునుండి ఆండ్రాయిడ్ అంగడిలో క్రొత్తవారికి అది దొరకలేదు. 2014 అక్టోబరు 28న హెచ్.టి.ఎం.ఎల్. 5 అను ప్రమాణమునకు తుది యామోదము లభించినది. పాటను, చలనచిత్రమును, కదలు బొమ్మను బ్రౌజరే స్వయముగ చూపగలుగుట దానితో స్థిరపడినది. దుబాసీకి పని తప్పినది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు పూర్తిగా స్వస్తి చెప్పి, 2021 జనవరి 12నుండి దాని ప్రదర్శన సాగకుండ ఆపివేసినది.

ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి యను లెక్క వర్తకులకు విడువవచ్చును. నష్టపోయినవారి సంగతి గ్రంథాలయము ఆలోచింపవలెను. ఇరువదేండ్లకు పైగా ఉపాధ్యాయులు, చిత్రకారులు ఫ్లాష్‌లో కల్పించిన పాఠములు, ఆటలు ఒక్క సంస్థ నిర్ణయముతో చూపునకు దూరమైనవి. ఔత్సాహికులు రఫుల్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిర్మింపగా, 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ దాని సాయముతో కొన్నిటిని మరల చూపసాగినది. దొరకనివాని సంగతి చెప్పనేల?

తెలుగు చదువరికి ఈ కష్టము ఫోనులకంటె ముందే ఎదురైనది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము దొరకినది. కాని కంప్యూటర్లు దానిని చక్కగా చూపుటకు చాల ఏండ్లు పట్టినది. ఈలోపల ఈనాడు మొదలైన పత్రికలు తమ తమ ప్రత్యేక ఫాంట్లతో వెబ్బు పుటలను నడపినవి. ఆంగ్లాక్షరముల సంఖ్యాస్థానములలో తెలుగు అక్షర ఖండములను అమర్చుట ఆనాటి పద్ధతి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో పుట ముత్యములవలె కనిపించును; లేనిచోట అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. పుటతోపాటు ఫాంటును పంపు ఏర్పాటు ఒకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉండెను కాని, ఇతర బ్రౌజర్లు దానిని స్వీకరింపలేదు. ఇట్టి పుటలో ఒక మాట వెదకుట అసాధ్యము. అంధులకు చదివి వినిపించు సాధనములకు అది అయోమయము. పత్రికకొక ఫాంటు చొప్పున ఒకే భాష పలు మాండలికములుగా, ఒకటి మఱియొకదానికి తెలియకుండ చీలిపోయెను.

ఆ చీలికను మాన్పినవారు పెద్ద సంస్థలవారు మాత్రమే కారు. వివిధ ఫాంట్లలోని పుటలను యూనికోడునకు మార్చి చూపు పద్మ అను ఉచిత సాధనము ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వాడువారికి లభించినది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అను పేర్లతో యూనికోడ్ ఫాంట్లను నిర్మించి ఉచితముగ నిచ్చిరి. పోతన స్వగ్రామముగ ఈ సీమవారు కొనియాడు బమ్మెర 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదే. నేడు జనగామ జిల్లాలో నున్నది. భాగవతమును ఏ రాజునకును అంకిత మీయలేదని ప్రతీతిగల కవి పేరు, ఏ సంస్థకును కప్పము కట్టనక్కఱలేని అక్షరములకు అమరుట ఎంతయు ఉచితము. 2003 డిసెంబరున మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడు పునాదిపైననే పెరిగినది. నేడు ఏ ఫోనులోనైన తెలుగు మాట వెదకిన దొరకుచున్నదన్నచో, అది ఉమ్మడి లిపి సంకేతమునకు అందఱును సమ్మతించిన ఫలమే.

గ్రంథములకు సంబంధించిన నిదర్శనము మఱియొకటి కలదు. చిత్తూరు జిల్లా కాటూరున పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డి చొరవతో పది లక్షల గ్రంథముల పథకము ఆరంభమైనది. అందు భాగముగ హైదరాబాదునందలి ట్రిపుల్ ఐటి మొదలైనచోట్ల వేలాది తెలుగు గ్రంథముల పుటలు ప్రతిబింబములుగ తీయబడి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో చేరినవి. మహోపకారము! కాని ఆ పుటలు టిఫ్ అను రూపమున నుండుటచే చాల బ్రౌజర్లు వానిని తమంతట చూపలేక, చదువరి ప్రత్యేకముగ ఒక ప్లగిన్ తెచ్చుకొనవలసి వచ్చెను. గ్రంథము ఉచితమే, ద్వారము తెరచియే యున్నది. గడప మాత్రము ఎత్తు. పిదప ఆ స్థానము మూతపడినను గ్రంథములు నశింపలేదు. పుటలు సాధారణ చిత్రములే గనుక దించుకొనుటకు, మార్చుటకు వీలు కలిగెను. వానిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చగా, నేడు పల్లెలోని విద్యార్థి ఫోనులోనే తాతలనాటి తెలుగు పుస్తకమును పి.డి.ఎఫ్. రూపమున చదువుకొనుచున్నాడు.

ఈ పి.డి.ఎఫ్. ఎవరి సృష్టి? ఫ్లాష్‌ను చేతనుంచుకొనిన అడోబీ వారిదే. 1993లో వారే దానిని ప్రవేశపెట్టిరి. కాని 2008 జులైలో అది అంతర్జాతీయ ప్రమాణముగ ప్రకటింపబడినది. నాటినుండి దాని నియమములు ఏ ఒక్కరి యిష్టమునను మారవు. దానిని చూపు సాధనమును ఎవరైన నిర్మింపవచ్చును. బ్రౌజర్లు సైతము దుబాసీ లేకయే దానిని చదువ నేర్చినవి. ఒకే సంస్థ కన్న బిడ్డలలో లోకమునకు దత్తమిచ్చినది బ్రదికినది. ఇంటనే కట్టివేసుకొన్నది కాలధర్మము చెందినది. వాదమంతటి సారము ఈ ఒక్క పోలికలో నున్నది. సంస్థ మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకంటె, ఆ సంస్థ లేని నాడు కూడ గ్రంథము తెరచుకొనునా యను ప్రశ్నయే గ్రంథాలయమునకు ముఖ్యము.

1931లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రతిపాదించిన గ్రంథాలయ పంచసూత్రములలో మొదటిది పుస్తకములున్నది వాడుకకేయని బోధించును. ఆ సూత్రమును నేటి స్థితికి అన్వయించి గ్రామ గ్రంథాలయ కార్యవర్గము కొన్ని పనులు చేపట్టవచ్చును. గ్రామ చరిత్ర, వృద్ధులకు కంఠస్థమైన పాటలు, పాత కరపత్రములు కంప్యూటరున కెక్కించునపుడు అక్షరము యూనికోడులోనే యుండవలెను. పుటల ప్రతిబింబములు, ధ్వని, చిత్రము ఏ ఫోనైన చదువగల సామాన్య రూపములలో నుండవలెను. ఒక్క సంస్థవారి యాప్‌లో మాత్రమే తెరచుకొను సరుకును, అది ఉచితమని ఇచ్చినను, మూలప్రతి చేతికి రానిదే స్వీకరింపరాదు. ప్రతి వస్తువునకు రెండు మూడు ప్రతులు వేఱువేఱు చోట్ల నుండవలెను. ప్రమాణము ఎంత మంచిదైనను, కాపాడువాడు లేనిచో పాడగును. అచ్చు పుస్తకమును మాత్రము ఏనాడును చులకన చేయరాదు. దానిని చదువుటకు కన్నులు, వెలుతురు చాలును.

ఓరుగల్లు కోటలోని కీర్తితోరణములకు తలుపులు లేవు. నడుమనున్న ఆలయము శిథిలమైనను, నలువైపుల తోరణములు వచ్చువారికి దారి యిచ్చుచునే యున్నవి. ఈ గ్రామ గ్రంథాలయము తన బీరువాలకు తాళము వేయుటలో తప్పు లేదు. చెదలనుండి, దొంగలనుండి కాపాడవలెను గదా. ఆ తాళపుచెవి గ్రామములోనే, గ్రామస్థుల చేతనే యుండవలెను. కాగితపు పుస్తకమునకును, ఫోనులోని పుస్తకమునకును ఇదే న్యాయము. స్వర్ణోత్సవము నాటికి ఈ బీరువాలముందు నిలుచు బాలబాలికలు నేడు దాచినదానిని ఎవరి సెలవు నడుగకయే తెరచి చదువగలిగినచో, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.

స్వస్తి.